ఉక్కులో ఏ మూలకం ఎందుకు కలుపుతారు? తరచుగా అడిగే ప్రశ్నలు

బాలానగర్‌లోనో విజయవాడ ఆటోనగర్‌లోనో షాఫ్టు చేయించడానికి వెళ్తే లేత్ దగ్గర మొదట వచ్చే ప్రశ్న "మెటీరియల్ ఏది?" అని. ఈఎన్ 8 (మామూలు కార్బన్ ఉక్కు రకం) సరిపోతుందా, ఈఎన్ 24 (నికెల్, క్రోమియం, మాలిబ్డినం కలిపిన రకం) కావాలా అని మనం తిరిగి అడిగితే "ఖరీదు ఎక్కువైనది మంచిదే కదా సార్" అంటారు. ధరకీ గుణానికీ సంబంధం అంత సూటిగా ఉండదు. క్రోమియం ఉంటే తుప్పు పట్టదు, నికెల్ ఉంటే గట్టిగా ఉంటుంది అని ఒక్కో మూలకానికి ఒక్కో గుణం అంటగట్టే పట్టికలు బోలెడున్నాయి. వాటిలో చాలావరకు సగం నిజాలే. మూలకం పేరు కన్నా అది ఎంత ఉంది, ఉక్కులో ఎక్కడ చేరింది, ఆ ముక్కను ఎలా కాల్చి ఎలా చల్లార్చారు అన్నవే అసలు సంగతి చెబుతాయి.

అసలు ఉక్కు అంటే ఏమిటి? ఏమీ కలపని ఉక్కు ఉంటుందా?

ఇనుములో సుమారు 2% లోపు కార్బన్ ఉంటే ఉక్కు. అది దాటితే పోత ఇనుము. ఏమీ కలపని ఉక్కు మార్కెట్లో దొరకదు. మామూలు ఎంఎస్ (మైల్డ్ స్టీల్) యాంగ్లర్‌లో కూడా కార్బన్‌తో పాటు మాంగనీస్, సిలికాన్ ఉంటాయి, ఎందుకంటే ఉక్కు కాచేటప్పుడే వాటి అవసరం పడుతుంది. గంధకం, భాస్వరం ఖనిజం నుంచీ బొగ్గు నుంచీ వచ్చి మిగిలిపోతాయి. ఇవి కాక ఒక గుణం కోసం కావాలని లెక్కగా కలిపేవాటినే మిశ్రమ మూలకాలు అంటాం. వర్క్‌షాప్ భాషలో అలాయ్.

కలిపిన మూలకం ఉక్కులో ఎక్కడికి పోతుంది?

ఈ ఒక్క ప్రశ్నకు జవాబు తెలిస్తే మిగతా సగం ప్రశ్నలు అడగక్కర్లేదు. మూలకం చేరే చోట్లు ప్రధానంగా మూడు. నికెల్, సిలికాన్, రాగి లాంటివి ఇనుములోనే కరిగి, ఇనుప పరమాణువుల మధ్య కలిసిపోతాయి. టైటానియం, నియోబియం, వనాడియం, టంగ్‌స్టన్, మాలిబ్డినం, క్రోమియం లాంటివి కార్బన్ కనిపిస్తే దాన్ని పట్టుకుని కార్బైడ్ అనే గట్టి రేణువులుగా మారతాయి. ఇక మాంగనీస్, సిలికాన్, అల్యూమినియం లాంటివి కరిగిన ఉక్కులోని గంధకాన్నో ఆక్సిజన్‌నో పట్టుకుని మలినాల రూపంలో ఉండిపోతాయి, లేదా చిట్టెంలోకి తేలిపోతాయి.

ఒకే మూలకం మూడు చోట్లా ఉండొచ్చు. ఎక్కడ ఎంత ఉందన్నది పక్కన ఏముందో దాన్నిబట్టి మారుతుంది. డైలకు (రేకును నొక్కే, కోసే అచ్చులకు) వాడే డీ2 స్టీల్‌లో దాదాపు 12% క్రోమియం ఉంటుంది. 410 స్టెయిన్‌లెస్‌లోనూ దాదాపు అంతే. అయినా 410 స్టెయిన్‌లెస్ అనిపించుకుంటుంది, డీ2కి మాత్రం నాలుగు రోజులు తడి తగిలితే తుప్పు పడుతుంది. కారణం, డీ2లో 1.5% దాకా కార్బన్ ఉంది. క్రోమియంలో పెద్ద వాటా ఆ కార్బన్‌తో కార్బైడ్లుగా బిగుసుకుపోయి, తుప్పును ఆపడానికి మిగలదు. ఆ కార్బైడ్ల వల్లే డీ2 డై అరగకుండా ఎక్కువ కాలం నిలుస్తుంది. 410లో కార్బన్ 0.15% లోపు, కాబట్టి క్రోమియం చాలావరకు ఇనుములో కరిగి ఉంటుంది. శాతం ఒకటే, పని వేరు.

అన్నిటికన్నా ముఖ్యమైన మూలకం ఏది?

కార్బన్. రేటు చూస్తే అన్నిటికన్నా చౌక, ప్రభావం చూస్తే అన్నిటికన్నా ఎక్కువ. తలుపు గ్రిల్లుకు వాడే మైల్డ్ స్టీల్‌లో 0.25% లోపు, ఈఎన్ 8లో సుమారు 0.4%, ఈఎన్ 9లో 0.55%, బేరింగులకు వాడే ఈఎన్ 31లో 1% ఉంటుంది. కార్బన్ పెరిగే కొద్దీ బలం, కాఠిన్యం పెరుగుతాయి, సాగే గుణం తగ్గుతుంది, వెల్డింగ్ కష్టమవుతుంది.

ఎర్రగా కాల్చిన ఉక్కును నీళ్లలోనో నూనెలోనో ముంచితే మార్టెన్‌సైట్ అనే గట్టి నిర్మాణం వస్తుంది. కమ్మరి కొలిమిలో కొడవలికి పదును నిలిచేలా చేసేది కూడా ఇదే. ఆ మార్టెన్‌సైట్ ఎంత గట్టిగా ఉంటుందన్నది దాదాపు పూర్తిగా కార్బన్ చేతిలోనే ఉంటుంది. 0.2% కార్బన్ ఉన్న ఉక్కులో ఎంత నికెల్, క్రోమియం పోసినా ముంచడం ద్వారా 60 రాక్‌వెల్ (కాఠిన్యం కొలిచే ఒక స్కేలు) కాఠిన్యం రాదు. 0.6% కార్బన్ ఉంటే ఏ అలాయ్ లేకుండానే అంతకు మించి వస్తుంది.

అలాంటప్పుడు హార్డెనింగ్ కోసం అలాయ్ స్టీల్ ఎందుకు? ఈఎన్ 8 చాలదా?

సన్న ముక్క అయితే చాలు. లావు ముక్క దగ్గరే తేడా వస్తుంది.

మార్టెన్‌సైట్ రావాలంటే ఉక్కు చాలా వేగంగా చల్లారాలి. లావు కడ్డీని నీళ్లలో ముంచితే పై చర్మం వేగంగా చల్లారుతుంది, లోపలి వేడి బయటికి రావడానికి టైమ్ పడుతుంది. బాగా కాగిన నూనెలో వేసిన గారె పైన ఎర్రబడి లోపల పచ్చిగా ఉన్నట్టు, పైన గట్టిపడి లోపల మెత్తగా ఉండిపోతుంది. మాంగనీస్, క్రోమియం, మాలిబ్డినం, నికెల్ ఇక్కడే పనికొస్తాయి. ఇవి ఉక్కు మెత్తని నిర్మాణంగా మారే వేగాన్ని తగ్గిస్తాయి. అందుకే లోపలి భాగం నింపాదిగా చల్లారినా మార్టెన్‌సైట్ అయ్యే వ్యవధి దొరుకుతుంది. కాఠిన్యం ఎంత అన్నది కార్బన్ తేలిస్తే, అది ఎంత లోతుకు దిగుతుందన్నది అలాయ్ తేలుస్తుంది. ఇంజినీరింగ్ చదివినవాళ్లు కూడా ఈ రెండిటినీ కలిపేయడం తరచూ చూస్తుంటాను.

కొలిచే పద్ధతి కూడా తేలికైనదే. 25 మిల్లీమీటర్ల వ్యాసం, 100 మిల్లీమీటర్ల పొడవున్న కడ్డీని కాల్చి, ఒక కొసకు మాత్రమే నీటి ధార తగలనిచ్చి, ఆ కొస నుంచి దూరం పోయే కొద్దీ కాఠిన్యం ఎలా పడిపోతుందో చూస్తారు. జామినీ టెస్ట్ అంటారు. ఈఎన్ 8కి గీత కొస దాటగానే జారిపోతుంది, ఈఎన్ 24కి దాదాపు చదునుగా సాగుతుంది.

ఇంకో లాభం ఉంది. అలాయ్ స్టీల్‌ను నీళ్లకు బదులు నూనెలో ముంచినా సరిపోతుంది. కొన్ని టూల్ స్టీళ్లకు గాలే చాలు. నింపాదిగా చల్లారితే ముక్క వంకర పోవడం, పగలడం తగ్గుతుంది. గేర్లు చేసేవాళ్లు అలాయ్‌కు డబ్బు పెట్టేది చాలావరకు ఇందుకే. ఆ లెక్కన, హార్డెనింగ్ చేయించకుండా ఈఎన్ 24ను ఊరికే టర్నింగ్ చేసి వాడటం డబ్బు దండగ.

షాఫ్టు వంగి ఊగుతోంది. ఇంకా మంచి అలాయ్ వేస్తే ఊగడం తగ్గుతుందా?

తగ్గదు. శాశ్వతంగా వంగిపోతుంటే బలమైన ఉక్కు పనికొస్తుంది. కానీ లోడ్ పడ్డప్పుడు వంగి, తీసేస్తే మళ్లీ నిటారుగా అవుతుంటే అది బిగువుకు సంబంధించిన విషయం. మైల్డ్ స్టీల్ అయినా ఈఎన్ 24 అయినా, ఆ బిగువు ఎంతో చెప్పే స్థితిస్థాపక గుణకం సుమారు 200 గిగాపాస్కల్సే. షాఫ్టులకు వాడే ఉక్కుల్లో ఏ మూలకం కలిపినా పెద్దగా కదలని గుణం ఇది. వ్యాసం పెంచండి, లేదా బేరింగుల మధ్య దూరం తగ్గించండి.

మాంగనీస్ ప్రతి ఉక్కులోనూ ఎందుకు కనిపిస్తుంది?

గంధకం వల్ల. ఉక్కులో గంధకం ఇనుముతో కలిస్తే ఐరన్ సల్ఫైడ్ అవుతుంది. అది ఇనుముతో కలిసి 988 డిగ్రీలకే కరిగిపోతుంది. రోలింగ్, ఫోర్జింగ్ అంతకన్నా ఎక్కువ వేడిలో జరుగుతాయి కాబట్టి ఉక్కులోని స్ఫటిక రేణువుల మధ్య ఆ పొర ద్రవమై ఉక్కు విచ్చిపోతుంది. మాంగనీస్ ఉంటే గంధకం ఇనుమును వదిలి దాన్ని పట్టుకుంటుంది. మాంగనీస్ సల్ఫైడ్ ఆ వేడికి కరగదు.

1856లో హెన్రీ బెస్సిమర్, కరిగిన ఇనుములోకి గాలి ఊది ఉక్కు చేసే తన కన్వర్టర్‌ను ప్రకటించినప్పుడు లైసెన్సు కొన్నవాళ్లకు వచ్చిన ఉక్కు చాలావరకు పనికిరాలేదు. గాలి ఊదడంతో మిగిలిపోయిన ఆక్సిజన్, పైగా గంధకం, భాస్వరం. మొదటి రెండిటికీ రాబర్ట్ మషెట్ చూపిన మందు మాంగనీస్ ఎక్కువగా ఉన్న పిగ్ ఐరన్‌ను (ముడి ఇనుమును) చివర్లో కలపడం. భాస్వరం సంగతి తేలడానికి మరో ఇరవై ఏళ్లు పట్టింది.

టైటానిక్ శిథిలాల నుంచి తీసిన ప్లేటును పరీక్షిస్తే గంధకం 0.069%, మాంగనీస్ 0.47% తేలాయి. అంటే గంధకానికి ఏడింతలు కూడా మాంగనీస్ లేదు. ఇప్పటి ఓడ ప్లేట్లలో ఆ నిష్పత్తి ఎన్నో రెట్లు ఎక్కువ. ఆ ప్లేటు గడ్డకట్టే చలిలో పెళుసుగా విరిగే రకం. అయితే ఓడ మునగడానికి అదే కారణం అనేయడం తొందరపాటు. 1912 నాటికి అది మామూలు ఉక్కే.

మాంగనీస్ 12 నుంచి 14%కు చేరితే కథ పూర్తిగా మారిపోతుంది. 1882లో షెఫీల్డ్‌లో రాబర్ట్ హ్యాడ్‌ఫీల్డ్ కనిపెట్టిన ఈ ఉక్కులో కార్బన్ 1 నుంచి 1.2% ఉంటుంది, అయస్కాంతానికి అంటుకోదు. దెబ్బ తగిలేకొద్దీ పైపొర గట్టిపడుతుంది. మొదట సుమారు 200 బ్రినెల్ (ఇదీ కాఠిన్యం కొలిచే స్కేలే) ఉండేది వాడకంలో 500 దాకా పోతుంది, లోపల మాత్రం సాగే గుణం అలాగే ఉంటుంది. రైలు పట్టాల క్రాసింగులు, కంకర క్రషర్ దవడలు దీంతోనే చేస్తారు. ఇక్కడో మెలిక ఉంది: దెబ్బలు పడని చోట, ఇసుక రాపిడి మాత్రమే ఉన్న చోట, ఇది పెద్దగా గట్టిపడదు, త్వరగా అరిగిపోతుంది. "మాంగనీస్ ప్లేటు వేశాం, అయినా నిలవలేదు" అనే ఫిర్యాదులు చాలావరకు ఇలాంటి చోట్ల నుంచే వస్తాయి.

విజయనగరం జిల్లా గరివిడి, చీపురుపల్లి పరిసరాల్లో మాంగనీస్ గనులు, ఫెర్రో మాంగనీస్ ఫర్నేసులు ఉన్నాయి. ఉక్కు ఫ్యాక్టరీకి మాంగనీస్ వెళ్లేది ఇలా ఇనుముతో కలిసిన ఫెర్రో అలాయ్ గడ్డల రూపంలోనే.

సిలికాన్ పని ఏమిటి?

కరిగిన ఉక్కులోని ఆక్సిజన్‌ను తీసేయడం మొదటి పని. లారీ కమాన్ పట్టీల స్ప్రింగ్ స్టీల్‌లో 1.5 నుంచి 2% ఉంటుంది. వంగి మళ్లీ యథాస్థితికి రావాలి కాబట్టి. ట్రాన్స్‌ఫార్మర్ కోర్‌లో పలచని రేకులు సుమారు 3% సిలికాన్ స్టీల్. ఇక్కడ బలంతో పని లేదు. సిలికాన్ విద్యుత్ నిరోధాన్ని పెంచి, కోర్‌లో సుడి ప్రవాహాల వల్ల పోయే కరెంటును తగ్గిస్తుంది. ఇంకా పెంచితే ఇంకా మేలే కానీ, 4% చేరేసరికి రేకు రోలింగ్‌లో విరిగిపోతుంది.

క్రోమియం ఎంత ఉంటే స్టెయిన్‌లెస్?

కనీసం 10.5%, అదీ కరిగి ఉండాలి. గాలి తగలగానే పైన క్రోమియం ఆక్సైడ్ పొర ఏర్పడుతుంది. దాని మందం కొన్ని నానోమీటర్లే. గీత పడితే ఆక్సిజన్ ఉన్నంతవరకు తనంతట తానే మళ్లీ ఏర్పడుతుంది. పెయింటుకూ దీనికీ తేడా అదే. 1913లో షెఫీల్డ్‌లోనే హ్యారీ బ్రియర్లీ తుపాకీ గొట్టాలు అరగకుండా చూడాలని ప్రయోగాలు చేస్తూ 12.8% క్రోమియం, 0.24% కార్బన్ ఉన్న ఉక్కు కాచాడు. అది చివరికి డైనింగ్ టేబుల్ కత్తులకు ఉపయోగపడింది.

ఒక శాతం దగ్గర క్రోమియం తుప్పును ఆపదు. ఈఎన్ 19, ఈఎన్ 31 లాంటి వాటిలో దాని పని కాఠిన్యాన్ని లోతుకు దించడం, గట్టి కార్బైడ్లు ఇవ్వడం. "ఇందులో క్రోమ్ ఉంది, తుప్పు పట్టదు" అని ఎవరైనా స్పానర్ అమ్మితే నమ్మకండి. ఆ మెరుపు పైన వేసిన ప్లేటింగ్.

స్టీల్ గిన్నెకు అయస్కాంతం అంటుకుంది. నకిలీదేనా?

కాదు. ఈ పరీక్ష మీద మన ఇళ్లలో అవసరానికి మించిన నమ్మకం ఉంది.

గిన్నెలకు వాడే స్టెయిన్‌లెస్ రకం 304లో సుమారు 18% క్రోమియం, 8% నికెల్ ఉంటాయి. ఆ నికెల్ వల్ల ఉక్కు గది ఉష్ణోగ్రతలో కూడా ఆస్టెనైట్ అనే నిర్మాణంలో ఉంటుంది, దానికి అయస్కాంతం అంటుకోదు. 430లో క్రోమియం 16 నుంచి 18% ఉన్నా నికెల్ ఉండదు, కాబట్టి అంటుకుంటుంది. ఇండక్షన్ స్టవ్ గిన్నెల అడుగున 430 వేసేది అందుకే. అది నకిలీ కాదు, అసలైన స్టెయిన్‌లెస్.

అసలు తికమక ఎక్కడంటే, నికెల్ ఖరీదు కాబట్టి దాన్ని తగ్గించి మాంగనీస్, నైట్రోజన్ పెంచిన 200 సిరీస్ ఉంది. 202లో నికెల్ 4 నుంచి 6%. మన మార్కెట్లో సామాన్లకు నికెల్ ఒక శాతం దరిదాపుల్లోనే ఉన్న రకాలు కూడా వాడతారు. ఇవన్నీ అయస్కాంతానికి అంటుకోవు! కాబట్టి అయస్కాంతం 304నీ 202నీ వేరు చేయలేదు. పైగా నిజమైన 304 గిన్నెను లోతుగా నొక్కి చేసిన చోట, వంచిన అంచుల దగ్గర, కొద్దిగా అంటుకుంటుంది కూడా. మాంగనీస్ ఎక్కువుంటే రంగు మారే టెస్టింగ్ చుక్కలు స్టీల్ వ్యాపారుల దగ్గర దొరుకుతాయి, ఈ పనికి అవే నయం.

కూర వండుకునే గిన్నెకు 200 సిరీస్ వాడటంలో పెద్ద నష్టం లేదని నా అభిప్రాయం. 304 అని చెప్పి, 304 రేటు తీసుకుని, అది ఇవ్వడంలోనే మోసం.

వంటింటి కత్తిని 304తో ఎందుకు చేయరు?

ఆస్టెనైట్‌ను ముంచి గట్టిపరచడం కుదరదు. కత్తికి పదును నిలవాలంటే మార్టెన్‌సైట్ కావాలి. అందుకే 13% దగ్గర క్రోమియం, 0.3% దగ్గర కార్బన్ ఉన్న 420 రకం వాడతారు. చెంచా 304, కత్తి 420. కత్తికి అయస్కాంతం అంటుకోవాల్సిందే.

సముద్రం దగ్గర 304 రెయిలింగుకు కూడా మచ్చలు వస్తున్నాయి. ఎందుకు?

ఉప్పులోని క్లోరైడ్ ఆ పలచని పొరను అక్కడక్కడ చీల్చి, సూదిమొన అంత గుంటలు చేస్తుంది. విశాఖ బీచ్ రోడ్డు వైపు ఇళ్లలో, బ్లీచింగ్ పౌడర్ వాడే చోట్ల, గళ్లుప్పు నిల్వ చేసిన స్టీల్ డబ్బాల్లో ఇదే జరుగుతుంది. 316లో అదనంగా 2 నుంచి 3% మాలిబ్డినం ఉంటుంది, అది ఈ గుంటల్ని చాలావరకు ఆపుతుంది. గుంటల్ని తట్టుకునే శక్తిని అంచనా వేయడానికి ఒక సులువైన లెక్క ఉంది: క్రోమియం శాతానికి మాలిబ్డినం శాతాన్ని 3.3తో, నైట్రోజన్ శాతాన్ని 16తో హెచ్చించి కలపాలి. 304కు 18 నుంచి 20 వస్తుంది, 316కు 24 పైన, 2205 డూప్లెక్స్ రకానికి 35 దగ్గర.

స్టెయిన్‌లెస్‌ను వెల్డ్ చేశాక అతుకు పక్కన తుప్పు గీత వచ్చింది. రాడ్ తప్పా?

రాడ్ తప్పు కావచ్చు, కానీ ఎక్కువసార్లు కార్బన్ తప్పు. 425 నుంచి 850 డిగ్రీల మధ్య కాసేపు ఉంటే కార్బన్, రేణువుల సరిహద్దుల్లో క్రోమియంను పట్టుకుని కార్బైడ్ అవుతుంది. ఆ సరిహద్దు పక్కన క్రోమియం కరువై తుప్పు మొదలవుతుంది. డీ2లో మొత్తంగా జరిగేదే ఇక్కడ సన్నని గీత వెంట జరుగుతుందన్నమాట. మందులు రెండు. కార్బన్‌ను 0.03% లోపు ఉంచిన 304ఎల్ వాడటం ఒకటి. క్రోమియం కన్నా ముందే కార్బన్‌ను పట్టేసే టైటానియం ఉన్న 321, లేదా నియోబియం ఉన్న 347 వాడటం రెండోది.

నికెల్ ఎందుకంత ఖరీదైనా వాడతారు?

చలి కోసం, టఫ్‌నెస్ (దెబ్బకు పగలకుండా తట్టుకునే గుణం) కోసం. మామూలు ఉక్కు బాగా చల్లబడితే గాజులా పగులుతుంది. నికెల్ ఆ హద్దును కిందికి నెడుతుంది. ద్రవ సహజవాయువును మైనస్ 162 డిగ్రీల్లో నిల్వ చేసే ట్యాంకులు 9% నికెల్ స్టీల్‌తో కడతారు. 36% నికెల్ ఉన్న ఇన్‌వార్ అసలు వేడికి దాదాపు సాగదు. దాన్ని కనిపెట్టిన గియోమ్‌కు 1920లో ఫిజిక్స్ నోబెల్ వచ్చింది.

నాకు అన్నిటికన్నా ముచ్చటేసే నికెల్ ఉక్కు మాత్రం మరేజింగ్ స్టీల్. పీఎస్‌ఎల్‌వీ మొదటి దశ మోటారు గొట్టాన్ని ఎం250 రకం మరేజింగ్ స్టీల్‌తో చేస్తారు. హైదరాబాద్ కంచన్‌బాగ్‌లోని మిధాని ఈ ఉక్కును తయారు చేస్తుంది. ఇందులో 18% నికెల్, 8% దగ్గర కోబాల్ట్, 5% దగ్గర మాలిబ్డినం, కొద్దిగా టైటానియం ఉంటాయి. కార్బన్ 0.03% లోపే ఉండాలి! ఇంతదాకా కార్బనే రాజు అని చెప్పుకున్నాం, ఇక్కడ అది శత్రువు. ఇందులోనూ మార్టెన్‌సైట్ వస్తుంది కానీ కార్బన్ లేదు కాబట్టి మెత్తగా ఉంటుంది, ఆ దశలోనే వంచి, వెల్డ్ చేస్తారు. తర్వాత 480 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు ఉంచితే నికెల్, మాలిబ్డినం, టైటానియం కలిసి అతి సన్నని రేణువులుగా ఏర్పడి బలాన్నిస్తాయి. ముంచనక్కర్లేదు కాబట్టి అంత పెద్ద గొట్టం కూడా ఆకారం చెడదు.

మాలిబ్డినం పావు శాతం కలిపి ఏం సాధిస్తారు?

వర్క్‌షాపుల్లో దీన్ని మోలీ అంటారు. నికెల్, క్రోమియం ఉన్న ఉక్కును టెంపరింగ్ (ముంచి గట్టిపరిచాక పెళుసుతనం తగ్గడానికి మళ్లీ కొంత వేడి చేయడం) తర్వాత నింపాదిగా చల్లారిస్తే 375, 575 డిగ్రీల మధ్య పెళుసుతనం వచ్చే జబ్బు ఉంది. పావు శాతం మోలీ దాన్ని చాలావరకు ఆపుతుంది. ఈఎన్ 24లో అది ఉండటానికి ఒక కారణం ఇదే.

థర్మల్ పవర్ స్టేషన్లలో దీని పని వేరు. ఎర్రబడే దాకా పోని వేడిలో కూడా, ఏళ్ల తరబడి ఒత్తిడిలో ఉన్న గొట్టం కొద్దికొద్దిగా సాగిపోతుంది. దాన్ని క్రీప్ అంటారు. 2.25% క్రోమియం, 1% మోలీ ఉన్న గొట్టాలు, ఇంకా వేడి ఆవిరికి 9% క్రోమియం, 1% మోలీతో పాటు వనాడియం, నియోబియం కలిపిన పీ91 గొట్టాలు వాడేది అందుకే.

హెచ్ఎస్ఎస్ (హై స్పీడ్ స్టీల్) టూల్ ఎర్రగా కాలినా ఎందుకు మెత్తబడదు?

మామూలు కార్బన్ టూల్‌ను 200, 250 డిగ్రీలు దాటనిస్తే పదును పోతుంది. టంగ్‌స్టన్, మాలిబ్డినం, వనాడియం కార్బైడ్లు అంత తేలిగ్గా కదలవు. పైగా 550 డిగ్రీల దగ్గర టెంపర్ చేసినప్పుడు కొత్తగా సన్నని కార్బైడ్లు పుట్టి ఉక్కు ఇంకా గట్టిపడుతుంది. అందుకే 600 డిగ్రీల దాకా కోస్తూనే ఉంటుంది.

1868లోనే మషెట్ టంగ్‌స్టన్ కలిపిన టూల్ స్టీల్ తెచ్చాడు. 1900 ముందు అమెరికాలోని బెత్లెహెమ్ స్టీల్‌లో టేలర్, వైట్ అనే ఇద్దరు ఇలాంటి ఉక్కునే కరిగే దశ దగ్గరదాకా కాల్చి ముంచి చూశారు. అంత కాలిస్తే ఉక్కు పాడవుతుందని అప్పటి నమ్మకం. పాడవలేదు సరికదా, కోత వేగం కొన్ని రెట్లు పెరిగింది. ఈ సంగతిలో నాకు నచ్చేది ఇదే, పెద్ద మలుపు తిప్పింది కాల్చే పద్ధతి.

టీ1 రకంలో 18% టంగ్‌స్టన్, 4% క్రోమియం, 1% వనాడియం. ఇప్పుడు ఎక్కువగా దొరికే ఎం2లో 6% టంగ్‌స్టన్, 5% మాలిబ్డినం, 4% క్రోమియం, 2% వనాడియం. మాలిబ్డినం పరమాణువు బరువు టంగ్‌స్టన్‌లో దాదాపు సగం, కాబట్టి సగం బరువుతో అదే పని జరుగుతుంది. ఎం35లో 5%, ఎం42లో 8% కోబాల్ట్ అదనం. స్టెయిన్‌లెస్ డ్రిల్ చేయడానికి ఇవి నయం.

టన్నుకు కొన్ని గ్రాములు కలిపితే నిజంగా తేడా వస్తుందా?

వస్తుంది. బోరాన్ 0.0005 నుంచి 0.003% అంటే టన్నుకు 5 నుంచి 30 గ్రాములు. అది రేణువుల సరిహద్దుల్లో చేరి మెత్తని నిర్మాణం పుట్టకుండా అడ్డుపడుతుంది. అంత కొద్దిగా ఉన్నా కాఠిన్యం లోతుకు దిగుతుంది. హై టెన్సైల్ బోల్టుల్లో దీని వాడకం ఎక్కువ. నియోబియం 0.05% దరిదాపుల్లో ఉంటే రోలింగ్ సమయంలో రేణువులు పెరగకుండా పట్టి ఉంచుతుంది. రేణువు చిన్నదైతే బలమూ టఫ్‌నెస్సూ రెండూ పెరుగుతాయి. ఒకటి పెంచితే రెండోది తగ్గడం మామూలు కాబట్టి ఇది అరుదైన లాభం. గ్యాస్ పైప్‌లైన్లు, కారు బాడీలు ఇలాంటి ఉక్కుతోనే చేస్తారు.

పాత ఉదాహరణ మన దగ్గరే ఉంది. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో కాచిన ఉక్కు గడ్డల్ని పర్షియా వర్తకులు వచ్చి కొనుక్కుపోయేవారు. అలాంటి భారతీయ ఉక్కుతో చేసిన డమాస్కస్ కత్తుల మీద నీటి అలల్లాంటి చారలు ఉండేవి. 1990ల్లో వెర్‌హోవెన్, పెండ్రే అనే అమెరికన్లు ఆ చారల్ని తిరిగి తెప్పించి, దానికి కారణం టన్నుకు కొన్ని పదుల గ్రాముల వనాడియం లాంటి మూలకాలని చూపించారు. అవి గడ్డ చల్లారేటప్పుడు వరసల్లో మిగిలి, కార్బైడ్లను ఆ వరసల వెంటే పుట్టించాయి. ఖనిజం మారాక చారలు కూడా పోయాయని వాళ్ల వాదన.

గంధకం, భాస్వరం, రాగి ఎప్పుడూ చెడ్డవేనా?

లేదు. ఈఎన్ 1ఏ రకంలో గంధకాన్ని కావాలనే 0.2 నుంచి 0.3% ఉంచుతారు. ఆటోమేటిక్ లేత్‌లో చిప్స్ పొడవుగా చుట్టుకోకుండా చిన్నచిన్న ముక్కలై రాలతాయి. నట్లు, బుష్‌లకు మంచిది, వెల్డింగ్‌కు పనికిరాదు.

భాస్వరం చలిలో ఉక్కును పెళుసుగా చేస్తుంది. అయినా పదహారు వందల ఏళ్లుగా నిలిచిన ఢిల్లీ ఇనుప స్తంభం తుప్పును తట్టుకోవడానికి అందులో భాస్వరం ఎక్కువగా, సుమారు 0.25%, ఉండటం ముఖ్య కారణం. రాగి 0.25 నుంచి 0.5% ఉంటే తుప్పు పొర గట్టిగా అతుక్కుని లోపలికి పోకుండా ఆపుతుంది. 1933లో అమెరికాలో మార్కెట్లోకి వచ్చిన కార్టెన్ ఉక్కు ఆ సూత్రం మీదే ఉంది. సముద్రపు గాలి తగిలే చోట మాత్రం దాన్ని నమ్ముకోవద్దు.

తుక్కు కరిగించే ఫర్నేసులకు రాగి పెద్ద టెన్షన్. మోటార్ల వైరు తుక్కుతో పాటు వస్తుంది. ఇనుము కన్నా రాగికి ఆక్సిజన్ మీద ఆశ తక్కువ కాబట్టి ఆక్సిజన్ ఊది తీసేయలేం. వేడి చేసినప్పుడు పైన ఇనుము ఆక్సైడ్ అయి రాలిపోతూ రాగి కూడుకుంటుంది, 1085 డిగ్రీలకు కరిగి రేణువుల మధ్యకు దిగి పగుళ్లు తెస్తుంది.

ఇంటికి కొనే టీఎంటీ కడ్డీల బలం అలాయ్ వల్ల వస్తుందా?

చాలావరకు రాదు. రోలింగ్ నుంచి బయటికొచ్చిన ఎర్రని కడ్డీ మీద ఒత్తిడితో నీళ్లు కొడతారు. పైపొర మార్టెన్‌సైట్ అవుతుంది, లోపల మిగిలిన వేడి బయటికొచ్చి దాన్ని టెంపర్ చేస్తుంది. మధ్య భాగం మెత్తగా ఉండిపోతుంది. అడ్డంగా కోసి యాసిడ్ పూస్తే బయట వలయం స్పష్టంగా కనిపిస్తుంది.

ఇక్కడ చూడాల్సింది ఏం కలిపారన్నది కాదు, ఏది ఎంత లోపు ఉందన్నది. భారతీయ ప్రమాణం ఐఎస్ 1786 ప్రకారం ఎఫ్ఈ 500 (500 అన్నది బలాన్ని చెప్పే అంకె) రకంలో కార్బన్ 0.30%, గంధకం, భాస్వరం ఒక్కోటి 0.055% దాటకూడదు. ఎఫ్ఈ 500డీలో కార్బన్ 0.25%, గంధకం, భాస్వరం 0.040% హద్దు. సాగే గుణం మొదటిదానికి కనీసం 12%, డీ రకానికి 16%. భూకంపం వస్తే విరగకుండా సాగాల్సింది కడ్డీయే కాబట్టి డీ అన్న ఆ ఒక్క అక్షరానికి నాలుగు రూపాయలు ఎక్కువ పెట్టొచ్చు. 500 నుంచి 550కి పోవడం కన్నా మామూలు రకం నుంచి డీకి పోవడమే ఇంటికి ఎక్కువ మేలు.

వెల్డింగ్‌కు ముందు వేడి చేయాలో లేదో ఎలా తెలుస్తుంది?

కార్బన్ ఈక్వివలెంట్ లెక్క వేయండి. కార్బన్ శాతం, దానికి మాంగనీస్‌లో ఆరో వంతు, క్రోమియం, మాలిబ్డినం, వనాడియం కలిపి అందులో ఐదో వంతు, నికెల్, రాగి కలిపి అందులో పదిహేనో వంతు చేర్చాలి. 0.4 లోపు వస్తే మామూలు మందానికి ఇబ్బంది ఉండదు. ఈఎన్ 19, ఈఎన్ 24 దీనికి రెట్టింపు దాకా పోతాయి. వాటిని చల్లగా ఉన్నప్పుడు టాక్ చేస్తే (చిన్న అతుకు వేస్తే) అప్పటికి బాగానే ఉంటుంది, మర్నాడు పొద్దున్నకు పగులు కనిపిస్తుంది. ఆ పగులుకు తడి రాడ్ నుంచి దిగిన హైడ్రోజన్ తోడు. ముక్కను ముందే వేడి చేసి, లో హైడ్రోజన్ రాడ్లను ఓవెన్‌లో ఆరబెట్టి వాడాలి.

40సీఆర్4ఎంవో3 లాంటి పేర్లను ఎలా చదవాలి?

ఇవి భారతీయ ప్రమాణం ప్రకారం పెట్టిన ఉక్కు పేర్లు. సీఆర్ అంటే క్రోమియం, ఎంవో అంటే మాలిబ్డినం. మొదటి అంకెను వందతో భాగిస్తే కార్బన్: 0.40%. క్రోమియం, మాంగనీస్, నికెల్, సిలికాన్, టంగ్‌స్టన్, కోబాల్ట్ పక్కన ఉన్న అంకెను 4తో భాగించాలి, కాబట్టి క్రోమియం 1%. మాలిబ్డినం, వనాడియం, టైటానియం లాంటి వాటి అంకెను 10తో భాగించాలి, కాబట్టి మోలీ 0.3%. అంటే ఇది మన ఈఎన్ 19. ముందు ఎక్స్ ఉంటే హై అలాయ్ అని, అప్పుడు మూలకాల అంకెలు నేరుగా శాతాలే. ఈఎన్ నంబర్లు మాత్రం పాత బ్రిటిష్ ప్రమాణంలోని వరస సంఖ్యలు, వాటిలో ఏ లెక్కా లేదు. గుర్తుపెట్టుకోవాల్సిందే.

చేతిలో ఉన్న ముక్క ఏ గ్రేడో ఎలా కనుక్కోవాలి?

గ్రైండర్ మీద నిప్పురవ్వలు చూసి చెప్పే పాత ఫిట్టర్లు ఇంకా ఉన్నారు. మైల్డ్ స్టీల్‌కు పొడవాటి గీతలు, కార్బన్ ఎక్కువైతే పూలలా చీలే రవ్వలు, టంగ్‌స్టన్ ఉన్న హెచ్ఎస్ఎస్‌కు మందకొడిగా ఎర్రని రవ్వలు. రకాలు వేరుచేయడానికి ఇది చాలు, గ్రేడు ఖాయం చేయడానికి చాలదు.

తుక్కు వ్యాపారుల దగ్గర కనిపించే తుపాకీ లాంటి ఎక్స్‌రే యంత్రం క్రోమియం, నికెల్, మోలీ శాతాలను కొన్ని క్షణాల్లో చెబుతుంది. కానీ దానికి కార్బన్ కనబడదు. 304కూ 304ఎల్‌కూ, ఈఎన్ 8కూ మైల్డ్ స్టీల్‌కూ తేడా తెలియాలంటే ముక్కను ల్యాబ్‌కు పంపి స్పెక్ట్రో (స్పెక్ట్రోమీటర్ పరీక్ష) చేయించాలి. మిల్లు టెస్ట్ సర్టిఫికెట్ ఇస్తే అందులో ఉన్న హీట్ నంబరు (ఆ ఉక్కును కాచిన విడత నంబరు) కడ్డీ మీద కొట్టిన నంబరుతో కలుస్తుందో లేదో మొదట చూడండి. కలవకపోతే ఆ కాగితం వేరే ఉక్కుది.